పోచంపల్లి చీరకు గూగుల్‌లో చోటెక్కడ?

గూగుల్‌లో ‘పోచంపల్లి’ అని కొట్టేవాళ్లందరికీ చీర అక్కర్లేదు. బడిపిల్లాడికి 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చిన సంగతి, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడిన సంగతి కావాలి. రేపు ఆదివారం పిల్లల్ని ఎటైనా తిప్పుకొద్దామనుకునే హైదరాబాదీకి దారి కావాలి, మధ్యాహ్నం అన్నం ఎక్కడ దొరుకుతుందో కావాలి. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచిన ఊరు కదా మరి. బట్టల వ్యాపారికి హోల్‌సేల్ ధర కావాలి. చీర కావలసింది కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లికి. అందులోనూ పట్టా, నూలా, రెండూ కలిపిన సికోనా?

వీళ్లంతా కొట్టింది ఒకటే మాట. ఎవరి మనసులో ఏముందో ఆ మాట చెప్పదు. అందుకే గూగుల్ మొదటి పేజీలో కాస్త చరిత్ర, కాస్త మ్యాపు, కొన్ని ఫొటోలు, రెండు మూడు పెద్ద అంగళ్లు కలగలిపి పెడుతుంది. ఆ గుంపులో నాలుగు మగ్గాల ఇంటి సైటుకు చోటు దొరకడం కష్టం. దొరికినా పెద్ద లాభం లేదు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది చీర కోసం రారు గనక. సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్, వాడుకలో ఎస్ఈఓ, అనే పనిలోకి దిగేవాళ్లు మొట్టమొదట ఒప్పుకోవలసిన సంగతి ఇది. ఒప్పుకోరు. ‘పోచంపల్లి అని కొడితే ఫస్ట్ మేమే రావాలె’ అంటారు.

అలా అన్నవాళ్లలో ఒక కుటుంబం గురించే చెబుతాను. నేను పత్రిక డెస్కులో చాలాకాలం శీర్షికలు పెట్టి, ఆ తరవాత వెబ్‌సైట్ల పనికి మళ్లినదాన్ని. పోచంపల్లిలో ఆ ఇంట తండ్రి మగ్గం మీద, తల్లి చిటికి కట్టడంలో, కొడుకు బీకాం ముగించి ఫోనులో. సైటు పెట్టి ఏడాది దాటింది. “ఇన్‌స్టాల చూసి ఆర్డర్లిస్తున్నరు అక్కా. గూగుల్ల మాత్రం మా దుకాణం పేరు కొట్టినా మేం వస్తలేం” అన్నాడు కొడుకు.

సొంత పేరు కొట్టినా రావడం లేదంటే అది ర్యాంకుకు సంబంధించిన జబ్బు కాదు. ఎందుకో చెప్పాలంటే సెర్చ్ ఇంజన్ ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క చెప్పాలి. మనం అడిగినప్పుడు గూగుల్ ఇంటర్నెట్ అంతా వెతకదు. ముందే వెతికి పెట్టుకుంటుంది. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం ఒక లింకు మీద నుంచి ఇంకో లింకుకు పోతూ పేజీలు చదువుతుంది. చదివినవాటిలో పనికొస్తాయనుకున్నవాటిని ఒక మహా సూచికలో ఎక్కిస్తుంది. మన ప్రశ్న పడగానే ఆ సూచికలోంచి ఏరి వరస పెడుతుంది. తిరగడం, ఎక్కించుకోవడం, వరస పెట్టడం మూడూ వేరు వేరు పనులు. ఎస్ఈఓ పేరుతో డబ్బు తగలేసేవాళ్లు సాధారణంగా మూడోదానికి ఖర్చుపెడతారు. అసలు లోపం తరచు మొదటి రెండింటిలో ఉంటుంది.

అది కనుక్కోవడానికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. గూగుల్ పెట్టెలో ఇంగ్లీషులో ‘సైట్’ అని రాసి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ సైటు చిరునామా కొట్టండి. సూచికలో ఎక్కిన మీ పేజీలు వరసగా కనబడతాయి. వీళ్ల సైటుకు ఒక్కటీ రాలేదు. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటు అది. దాని సెట్టింగుల్లో ‘రీడింగ్’ అనే చోట ఒక చిన్న గడి ఉంటుంది: సెర్చ్ ఇంజన్లు ఈ సైటును ఎక్కించుకోకుండా చూడమని. సైటు కడుతున్నప్పుడు సగం పని బయటపడకుండా అక్కడ టిక్కు పెడతారు, అయ్యాక తీసేస్తారు. కట్టిన కుర్రాళ్లు తియ్యలేదు. ఏడాదిపాటు ఆ ఇంటివాళ్లు ఎంతో శ్రమపడి పెట్టిన ప్రతి పేజీ గూగుల్‌తో ‘నన్ను రాసుకోవద్దు’ అంటూనే ఉంది. ఆ టిక్కుతో పాటు ఆ కుర్రాళ్లు చేసిన ఇంకో ఘనకార్యం, పేజీ వెనకాల కనబడని చోట ‘కీవర్డ్స్’ అనే ట్యాగులో వందకు పైగా మాటలు కుక్కడం. కీవర్డ్స్ ట్యాగును ర్యాంకుల కోసం చూడబోమని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. ఆ కబురు ఇంకా కొన్ని ఆఫీసులకు చేరినట్టు లేదు.

టిక్కు తీసేశాం. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేశాం. ఇది ఉచితం. సైటున్న ప్రతివాళ్లూ వాడాల్సిన పనిముట్టు. మీ పేజీల్లో ఏవి సూచికలో ఎక్కాయి, ఏవి ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదు, జనం ఏ మాటలు కొట్టినప్పుడు మీరు కనబడ్డారు, ఎన్నోచోట కనబడ్డారు, ఎంతమంది నొక్కారు, అన్నీ చూపిస్తుంది. కొన్ని వారాలకు దుకాణం పేరు కొడితే దుకాణం రావడం మొదలైంది. తండ్రికి అంతకన్నా అక్కర్లేదనిపించింది. కొడుక్కి అనిపించలేదు.

ఇక అసలు ప్రశ్న. దుకాణం పేరు తెలియనివాళ్లు ఏం కొడితే వీళ్ల దగ్గరికి రావాలి? పెద్ద సంస్థలు ఈ మాటలు వెతకడానికి నెలనెలా చందా కట్టే సాఫ్ట్‌వేర్లు వాడతాయి. మేం తండ్రి వాట్సాప్ తెరిచాం. కొనేముందు జనం ఏం అడిగారో అంతా అందులోనే ఉంది. ‘ఒరిజినలేనా అండీ?’ ‘వెనక వైపు ఫొటో పెట్టండి.’ ‘ఇది సింగిల్ ఇక్కతా, డబులా?’ ‘రంగు దిగుతుందా?’ ‘డల్లాస్‌కు ఎన్ని రోజుల్లో వస్తుంది?’ ఇవే ప్రశ్నలు గూగుల్‌నూ అడుగుతారు. సైటులో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ‘సంప్రదాయానికి ఆధునికత జోడించిన అపురూప చేనేత వైభవం’ అని మాత్రం ఉంది. ఆ వాక్యాన్ని ఏ కొనుగోలుదారూ ఏనాడూ వెతకడు.

అందరికన్నా ఎక్కువమంది అడిగింది ‘ఒరిజినలేనా’ అని. నేసిన చీర ఖరీదు వేలల్లో, దాన్ని చూసి మరమగ్గం గుడ్డ మీద అద్దిన ప్రింటు ఖరీదు వందల్లో. రెండూ ఫోను తెర మీద ఒకేలా ఉంటాయి. “తేడా ఎట్ల తెలుస్తది?” అని తండ్రిని అడిగాం. ఆయన రెండు గుడ్డలు తెచ్చి మంచం మీద పరిచాడు. “తిప్పి సూడు బిడ్డా. ప్రింటుదానికి ఎన్కదిక్కు రంగు ఎల్సిపోయినట్టుంటది. మాది రెండుదిక్కుల ఒక్కతీరే ఉంటది.” ఇక్కత్‌లో, అంటే ఈ నేతలో, రంగు గుడ్డకు వెయ్యరు, నూలుకు వేస్తారు. నెయ్యకముందే దారాన్ని ఆసు అనే మేకుల చట్రం మీద చుట్టి, డిజైను ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు రబ్బరు ముక్కలతో బిగించి కట్టి (చిటికి కట్టడమంటే ఇదే) ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు కట్టడం, ముంచడం, విప్పడం. పడుగు, పేకల్లో ఒకదానికే ఇలా చేస్తే సింగిల్ ఇక్కత్, రెండింటికీ చేస్తే డబుల్. మగ్గం మీదికెక్కేసరికే పువ్వు దారంలో ఉంటుంది. నేసేటప్పుడు పడుగూ పేకా వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి పువ్వు అంచు కాస్త నూగుగా, చెదిరినట్టు ఉంటుంది. ప్రింటులో ఆ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. “గా తప్పే మా గుర్తు” అన్నాడాయన.

ఆయన చెప్పింది చెప్పినట్టు పేజీ రాశాం. రెండు గుడ్డల ముందూ వెనకా ఫొటోలు, అంచు దగ్గరగా తీసిన ఫొటో, హ్యాండ్‌లూమ్ మార్కు ఎక్కడుంటుందో, పట్టుకు సిల్క్ మార్కు ఎలా ఉంటుందో. పేజీకి శీర్షిక ‘ఒరిజినల్ పోచంపల్లి చీరను ఎలా గుర్తుపట్టాలి’. డెస్కులో ఉన్నప్పుడు నేనిలాంటి చప్పిడి శీర్షిక పెడితే మా ఇన్‌ఛార్జి మొహాన కొట్టేవాడు. పత్రికలో శీర్షిక కన్ను కొట్టాలి. ఇక్కడ జనం అడిగిన మాట జనానికి కనబడాలి. ఊరించే శీర్షికలతో నొక్కించుకోవచ్చు గాని, లోపల సరుకు లేకపోతే అది ఎక్కువ కాలం సాగదు. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్యం కేసు విచారణలో 2023లో నావ్‌బూస్ట్ అనే ఏర్పాటు గురించి గూగుల్ అధికారే సాక్ష్యమిచ్చాడు. ఫలితాల్లో జనం దేన్ని నొక్కుతున్నారో చూసి వరసలు సవరించుకునే ఏర్పాటు అది.

ఆసు మీద మరో పేజీ రాశాం. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించాల్సిన పని అది. ఆ బాధ తన తల్లి భుజాల్లో చూసి చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. ఆ పేజీ చదివినవాళ్లు వెంటనే చీర కొంటారని కాదు. కానీ డిజైన్ కోర్సుల విద్యార్థులు తమ ప్రాజెక్టుల్లో ఆ పేజీకి లింకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ లింకుల విలువ ఏమిటో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి పోవాలి.

అప్పటి సెర్చ్ ఇంజన్లు ఎక్కువగా పేజీలో మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవి. మాటను వందసార్లు రాస్తే పైకొచ్చేవాళ్లు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో వేరే దారి చూపించారు. పరిశోధక పత్రాల్లో ఒకరిని ఒకరు ఉదహరించుకునే పద్ధతిని ఇంటర్నెట్‌కు పట్టించారు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి గురించి వాళ్లింటివాళ్లు చెప్పింది కాదు, ఊళ్లో నలుగుర్ని అడుగుతాం. ఆ నలుగురిలోనూ ఎవరి మాటకు విలువుందో చూస్తాం. పేజ్‌ర్యాంక్ చేసేది అదే. ఒక పేజీకి ఎన్ని లింకులున్నాయన్నది ఒకటి, ఆ లింకులిచ్చిన పేజీలకు ఎంత పరపతి ఉందన్నది ఇంకొకటి. ఆ పేరులోని ‘పేజ్’ లారీ పేజ్ ఇంటిపేరే. ఇప్పుడు గూగుల్ చూసే గుర్తులు వందల్లో ఉన్నాయి, లింకు వాటిలో ఒకటి.

లింకుకు విలువ ఉందని తెలియగానే లింకుల అంగళ్లు వెలిశాయి. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం వేసింది. జేసీ పెన్నీ అనే అమెరికన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ అంతకుముందు పండగల సీజన్లో దుస్తులు, పక్కబట్టలు, తివాచీలు దేని గురించి వెతికినా ముందు వరసలో కనబడుతూ వచ్చింది. కారణం, ఏ సంబంధమూ లేని వందలాది సైట్లలో దాని పేరున పెట్టిన వేలాది లింకులు. గూగుల్ శిక్ష వేసింది, సంస్థ ఒక్కసారిగా వెనక పేజీల్లోకి పడిపోయింది. అంతకు ముందు 2006లో జర్మనీ బీఎండబ్ల్యూ సైటుదీ ఇలాంటి గతే. యంత్రానికి ఒక పేజీ, మనిషికి ఇంకో పేజీ చూపించినందుకు సూచికలోంచే తీసేశారు, సరిచేసుకున్నాక తిరిగి ఎక్కించారు. 2011లో ఎక్కడెక్కడివో పోగేసి రాసిన పలచటి పేజీలను కిందికి తోసే మార్పు వచ్చింది, దాని పేరు పాండా. జంతువు పేరనుకుంటారు చాలామంది. గూగుల్ ఇంజనీరు నవనీత్ పాండా పేరది. 2012లో లింకుల మోసాలను పట్టే పెంగ్విన్ వచ్చింది.

ఇంత జరిగినా మన పోచంపల్లి కుర్రాడికి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ‘పదివేల బ్యాక్‌లింకులు, మూడు నెలల్లో ఫస్ట్ ర్యాంక్ గ్యారంటీ.’ మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సలహాల పేజీలోనే రాసింది. ఆ మాట వాడికి చూపించాను. “మరి వాళ్లెట్ల ఇస్తున్నరు?” అన్నాడు. ఎవరూ వెతకని పొడుగాటి మాట ఒకటి చూసి, దాని మీద మొదటి స్థానం తెప్పించి చూపిస్తారు. లేదా ప్రకటన కొని చూపిస్తారు, పైన ‘స్పాన్సర్డ్’ అని సన్నగా రాసి ఉంటుంది, ఎవరు చూస్తారు? ప్రకటన కొనడంలో తప్పేం లేదు, పండగలకు మేమూ కొన్నాం. కాకపోతే డబ్బు కట్టడం ఆపిన గంటకు అది మాయమవుతుంది. దానికీ మామూలు ఫలితాల్లో వరసకూ సంబంధం లేదు.

చేనేత సైట్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది, దాన్ని ఏ ఇంగ్లీషు ఎస్ఈఓ పుస్తకమూ సరిగ్గా పట్టించుకోదు. మిల్లు చీరైతే ఒకే డిజైను వేల కాపీలు. మగ్గం మీద ఒక డిజైనుకు కొన్ని చీరలే, అమ్ముడైతే అయిపోయినట్టే. వీళ్లు అమ్ముడైన ప్రతి చీర పేజీనీ తీసేసేవాళ్లు. ఆ పేజీకి ఎవరైనా లింకిచ్చి ఉంటే అది ఖాళీ గోడకు దారి తీసేది, గూగుల్ దగ్గర ఆ పేజీ సంపాదించుకున్న పేరంతా పోయేది. సైటు ఎప్పుడు చూసినా నిన్న పుట్టినదే. అందుకని రెండు పనులు చేశాం. రకానికో శాశ్వత పేజీ పెట్టాం: పట్టు, నూలు, సికో, డబుల్ ఇక్కత్. చీరలు వస్తుంటాయి, పోతుంటాయి, ఆ పేజీ మాత్రం కదలదు. అమ్ముడైన చీర పేజీలను కూడా ఉంచాం, ‘అమ్ముడుపోయింది, ఇలాంటివి ఇక్కడున్నాయి’ అని కింద దారి చూపిస్తూ. ఈ ఒక్క మార్పు మిగతా అన్నిటికన్నా ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ఇంకో సంగతి: చాలా చీరల కింద ఉన్న వర్ణన టోకు వ్యాపారి పంపిన ఒకటే పేరా. అదే పేరా ఇంకా ఎన్నో సైట్లలో ఉంది. గూగుల్ అన్నీ ఒకటేనని గుర్తుపట్టి అందులో ఏదో ఒకటి చూపిస్తుంది. అది వీళ్లది అవడానికి కారణం లేదు.

ఫొటోల సంగతి క్లుప్తంగా. ఫోనులో తీసినవి తీసినట్టు ఎక్కించారు, ఒక్కొక్కటి అయిదారు ఎంబీలు. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మ గాని రాత గాని 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. వీళ్ల మొదటి పేజీ తెరుచుకునేలోపు ఒక చీర మడత పెట్టొచ్చు. గూగుల్ సైటును చదివేది కూడా ఫోనులో కనబడే రూపంలోనే కాబట్టి ఆఫీసు కంప్యూటర్లో బాగుంది అనుకోవడం దండగ. ఫొటోలు కుదించాం, ప్రతి ఫొటోకూ అందులో ఏముందో ఒక వాక్యం రాశాం. ఆ వాక్యం చూపులేనివాళ్లకు ఫోను చదివి వినిపిస్తుంది, గూగుల్‌కూ అర్థమవుతుంది. ధరను బొమ్మలో రాసి పెట్టడం మాన్పించాం.

స్పెల్లింగుల గొడవ ఉంది. ఇంగ్లీషులో ఈ ఊరి పేరు చివర వై పెట్టేవాళ్లు, ఐ పెట్టేవాళ్లు, ఒక ఎల్‌తో సరిపెట్టేవాళ్లు. ఇక్కత్‌కు ఒక కె, రెండు కెలు. అన్నీ పేజీలో కుక్కమంటాడు కుర్రాడు. అక్కర్లేదు, గూగుల్ వాటిని చాలామటుకు ఒకటిగానే చూస్తుంది. తెలుగులో పేజీ మాత్రం వేరే పెట్టాం, తెలుగు లిపిలో అడిగేవాళ్లకు తెలుగులోనే జవాబుండాలి కదా. మాటలు కుక్కే విషయంలో వంటల సైట్లను చూసి నేర్చుకోకూడదు. చింతకాయ పచ్చడి చెయ్యడానికి వచ్చిన మనిషికి ‘చింతకాయ పచ్చడి అంటే ఏమిటి, చింతకాయ పచ్చడి ప్రయోజనాలేమిటి’ అని పది పేరాలు తిప్పి చివర్న కొలతలు చెబుతారు. ఇదేమని అడిగితే ఎస్ఈఓ అంటారు.

ఊరికొచ్చే పర్యాటకుల కోసం గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దుకాణాన్ని మ్యాపులో పెట్టాం. అక్కడ వరస లెక్క వేరు: అడిగినదానికి ఎంత సరిపోతుంది, అడిగినవాళ్లకు ఎంత దగ్గర, ఎంత పేరుంది. దగ్గరితనాన్ని మనం మార్చలేం. తెరిచే వేళలు నిజంగా రాయడం, వచ్చినవాళ్లను సమీక్ష రాయమని అడగడం, రాసినవాళ్లకు జవాబివ్వడం మన చేతిలో ఉన్నాయి. బంధువుల చేత అయిదు నక్షత్రాలు వేయించుకోవడం నియమాలకు విరుద్ధం.

2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో గూగుల్ ఫలితాల పైన ఏఐ రాసిన సారాంశం మొదలైంది. ‘ఒరిజినల్ ఎలా గుర్తుపట్టాలి’ అని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది, వీళ్ల సైటు దాకా రావక్కర్లేదు. ఆ సారాంశానికి ముడిసరుకు మటుకు ఇలాంటి పేజీలే. ఇది న్యాయంగా ఉందని నేను అనను. అయితే కొనేవాడు సారాంశంతో ఆగడు, వెనకవైపు ఫొటో అడుగుతాడు.

ఇప్పటికీ ‘పోచంపల్లి’ అని ఒక్క మాట కొడితే వీళ్లు మొదటి పేజీలో లేరు. ఒరిజినల్ గుర్తుపట్టడం గురించి, డబుల్ ఇక్కత్ గురించి అడిగితే ఉంటున్నారు. ఈ మధ్య కుర్రాడు సెర్చ్ కన్సోల్ చూసి తేలియా రుమాలు అనే మరో ఇక్కత్ గుడ్డ గురించి కూడా జనం అడుగుతున్నారని కనిపెట్టి, దాని మీద పేజీ పెడదామన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. “అది పుట్టపాకోళ్ల పని. మనం నేసినమా?” 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక ఊరి పేరు మీదే వచ్చింది. ఆ పేజీ ఆగింది. బదులుగా తల్లి చెబుతుంటే పట్టు చీర ఉతుకు గురించి రాస్తున్నాం: మొదటిసారి ఏ నీళ్లలో ముంచాలి, నీడలో ఎంతసేపు ఆరబెట్టాలి, మడత ఎన్నాళ్లకోసారి మార్చాలి. రంగు దిగుతుందా అని అడిగేవాళ్ల మెసేజ్‌లు నిన్న కూడా రెండు వచ్చాయట.